తన్నని తుపాకి

విద్యార్థి సంఘం వారి నుంచి ఉత్తరం వచ్చింది. ఇప్పటి ఉత్తరాలు కాగితం మీద రావు, ఫోనులో వస్తాయి. అయినా నేను దాన్ని ఉత్తరమనే అంటాను. "మన కళాశాల వార్షిక సంచికకు పూర్వ విద్యార్థిగా మీ అనుభవం ఏదైనా వ్రాసి పంపండి. చదువుకునేవాళ్ళకు పనికివచ్చేదైతే మరీ సంతోషం" అని అందులో ఉంది. 1976 నుంచి 78 వరకు ఈ కళాశాలలోనే భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చదివినవాణ్ణి. నలభై ఏళ్ళకు పైబడి అమెరికాలో ఉంటున్నాను. అలాంటివాడి దగ్గర నుంచి ఏదో విజయగాథ వస్తుందని మీరు ఎదురుచూడడం సహజమే. నా దగ్గర అంత చెప్పుకోదగ్గ విజయాలు లేవు. గడచిన సంవత్సరంలో నేను చేసిన ముఖ్యమైన పని ఒక్కటే. మా మనవడికి జింకను వేటాడే తుపాకి ఎంచిపెట్టాను.

అప్పుడే మొహం చిట్లించకండి. ఆ పని మీకంటే ముందే మా ఇంట్లో జరిగిపోయింది.

మా అమ్మాయి విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక పాడి రైతుల కుటుంబంలో కోడలు. అల్లుడి తండ్రిని నేను "బావగారూ" అనే పిలుస్తాను. మొదట్లో ఆ మాటకు అర్థమేమిటని అడిగేవాడు. ఇప్పుడు ఆయనా నన్ను "బావగారూ" అంటాడు, కాకపోతే "బా" మీద రాయి పడ్డట్టు పలుకుతాడు. డెబ్బయ్యయిదేళ్ళ మనిషి, నూట ఇరవై ఆవులు మేపినవాడు. ఆ ప్రాంతంలో నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం మొదలుపెట్టి తొమ్మిది రోజులపాటు తుపాకులతో జింకల వేట సాగుతుంది. మనకు సంక్రాంతి ఎలాగో వాళ్ళకు ఆ తొమ్మిది రోజులు అలాగ. దూరాభారాన ఉన్న కొడుకులు ఇళ్ళకు వస్తారు. ఆ వంశంలో పన్నెండేళ్ళు నిండిన పిల్లవాణ్ణి, ఆడపిల్లనైనా సరే, ఆ శనివారం తెల్లవారుజామున అడవికి తీసుకుపోవడం ఆనవాయితీ.

మా మనవడికి పన్నెండు నిండాయి. వేట భద్రత తరగతికి వెళ్ళాడు, పరీక్ష ప్యాసయ్యాడు. అక్కడ 1973 జనవరి 1న గాని, ఆ తర్వాత గాని పుట్టిన ఎవరికైనా ఆ సర్టిఫికెట్ ఉండాలి. లేదా నేర్పే పెద్దవాడి చేయి అందేంత దూరంలోనే ఉండి వేటాడాలి. ఇక మిగిలింది తుపాకి. బావగారు తన తండ్రి వాడిన 30-06 రైఫిలును నూనె రాసి సిద్ధం చేశాడు. "మా నాన్న దీంతోనే మొదలుపెట్టాడు, నేనూ దీంతోనే, నా కొడుకూ దీంతోనే" అన్నాడు.

అప్పుడు మా అమ్మాయి నాకు ఫోన్ చేసింది. "నాన్నా, వీడి బరువు ముప్ఫయ్యెనిమిది కిలోలు. ఆ తుపాకి ఎంత గట్టిగా తంతుందో నువ్వు లెక్క కట్టి చెప్పగలవా? మామగారికి నేను చెబితే బాగుండదు, నువ్వు చెబితే వింటారు."

పక్కనే ఉన్న మా ఆవిడ అందుకుంది. "ఏమండీ, మీకేమైనా మతిపోయిందా? జింకను చంపడానికి మనవడికి తుపాకి బేరం చేస్తారా? చూస్తూ చూస్తూ ఆ పాపం మీరెందుకు మూటగట్టుకోవడం?"

నేను ఆమెకు చెప్పవలసినవి చెప్పాను. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆ దేశంలో తెల్లతోక జింకలు కొన్ని లక్షలకు పడిపోయాయి. చట్టాలు పెట్టి కాపాడితే మళ్ళీ పెరిగి ఇప్పుడు సుమారు మూడు కోట్లకు చేరాయి. వాటిని తినే తోడేళ్ళు చాలాచోట్ల లేకుండా పోయాయి. చేలు మేస్తాయి, రాత్రిపూట కార్లకు అడ్డంపడి చస్తాయి, చంపుతాయి. అందుకని ప్రభుత్వమే లెక్క ప్రకారం వేటకు అనుమతి ఇస్తుంది. మన దేశం సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఇక్కడ జింకను కొడితే జైలే. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణకు రాష్ట్ర జంతువు. ఎక్కడి ధర్మం అక్కడిది. ఇదంతా విని మా ఆవిడ "లెక్కలు బాగానే చెబుతారు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమెకు చెప్పనిది ఒకటుంది. పెళ్ళయి నలభై ఆరేళ్ళయినా చెప్పలేదు.

మాది నల్లమల అంచున ఒక పల్లె. 1968లో నాకూ పన్నెండేళ్ళే. మా మేనమామకు లైసెన్సున్న జోడు గొట్టాల పన్నెండు బోరు తుపాకి ఉండేది. జొన్న చేల మీదికి అడవి పందులు, దుప్పులు దిగేవి. అప్పటికింకా ఇప్పటి చట్టం రాలేదు. ఒకనాటి సాయంత్రం మామ నన్ను చేలోకి తీసుకుపోయి తుపాకి చేతికిచ్చి, "అల్లుడూ, ఆ తుమ్మచెట్టు మీద పేల్చు" అన్నాడు. తుపాకి నా ఎత్తుకు నాలుగేళ్ళు తక్కువ. దాని మడమ నా చంకలోకి వచ్చింది, భుజానికి ఆనలేదు. పేల్చాను. గుర్రం తన్నినట్టయింది. వెల్లకిలా పడ్డాను. మామ పడీపడీ నవ్వాడు. ఇంటికి వచ్చేసరికి భుజం నేరేడుపండు రంగుకు తిరిగింది.

మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ మంచె ఎక్కించాడు. "మగాడివనిపించుకోవాలంటే ఇవాళ నువ్వే కొట్టాలి" అన్నాడు. వెలుగు రేకలు వస్తుండగా చేని గట్టు మీదికి ఒక చుక్కల దుప్పి వచ్చింది. ముప్ఫయి అడుగుల దూరం కూడా లేదు. అంత దగ్గర తప్పడానికి వీల్లేదు. కాని నాకు దుప్పి కనబడలేదు, నిన్నటి తన్ను కనబడింది. కళ్ళు గట్టిగా మూసుకుని పేల్చాను.

కళ్ళు తెరిచేసరికి దుప్పి మూడు కాళ్ళ మీద అడవిలోకి పోతోంది. వెనక కాలు ఒకటి వేలాడుతోంది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నెత్తురు జాడ పట్టుకుని తిరిగాము. వాగు దగ్గర జాడ తెగిపోయింది. "పోనీలేరా, ఏ చిరుతకో దొరుకుతుంది" అన్నాడు మామ. ఊళ్ళో మాత్రం, "మావాడి గురి తప్పింది" అని చెప్పి నా పరువు కాపాడాడు. ఆ రాత్రి అమ్మ నా భుజానికి ఉప్పు కాపడం పెట్టింది. నా ఏడుపు భుజం నొప్పికే అనుకుంది.

మామ పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ దుప్పి సంగతి తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే.

అందుకని అమ్మాయి అడగ్గానే కాగితం తీసుకుని కూర్చున్నాను. మన కళాశాలలో చదివిన చదువు ఇన్నేళ్ళకు ఇంటి పనికి వచ్చింది. న్యూటన్ మూడవ గమన నియమం, ద్రవ్యవేగ నిత్యత్వ నియమం, అంతకుమించి ఏమీ అక్కర్లేదు. గుండు ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోతుందో, దాని వెనక మందు కాలి పుట్టిన వాయువులు ఎంత ద్రవ్యవేగంతో పోతాయో ఆ రెండూ కలిపితే వచ్చేదంతా తుపాకి వెనక్కి తీసుకుంటుంది. దాన్ని తుపాకి బరువుతో భాగిస్తే తుపాకి వెనక్కి వచ్చే వేగం తెలుస్తుంది. ఆ వేగం నుంచి గతిజ శక్తి తెలుస్తుంది. ఆ శక్తే భుజానికి తగిలే తన్ను.

బావగారి 30-06 తుపాకి దుర్భిణితో సహా 3.6 కిలోలు. గుండు 11.7 గ్రాములు, సెకనుకు సుమారు 820 మీటర్ల వేగం. తన్ను సుమారు 27 జౌళ్ళు వచ్చింది. 1955లో విన్చెస్టర్ వారు తెచ్చిన 243 అనే తోటా ఉంది. దాని గుండు 6.5 గ్రాములే, వేగం 900 మీటర్లు. 3.4 కిలోల తుపాకిలో దాని తన్ను 12 జౌళ్ళు, అంటే సగానికంటే తక్కువ. మా మామ పన్నెండు బోరుకు కూడా లెక్క కట్టాను. 40 జౌళ్ళకు తగ్గలేదు. పన్నెండేళ్ళవాడి భుజం మీద!

ఈ కాగితం జేబులో పెట్టుకుని వాళ్ళ ఊరికి వెళ్ళాను. కాని లెక్కలు చూపించి డెబ్బయ్యయిదేళ్ళ రైతుచేత తండ్రి తుపాకిని పక్కన పెట్టించడం అంత సులువా? "బావగారూ, మేమంతా దీంతోనే నేర్చుకున్నాం కదా" అన్నాడు. మనవడు కూడా ఆయన పక్షమే. చిన్న తుపాకి పట్టుకుంటే స్నేహితుల్లో నామోషీ అని వాడి బాధ.

పొలం వెనక మట్టికట్ట ముందు కాగితపు గురి పెట్టారు. చెవులకు మూతలు, కళ్ళకు అద్దాలు పెట్టుకున్నాం. వాడు 30-06తో రెండుసార్లు పేల్చాడు. రెండూ కాగితం అంచుకు, కిందికి తగిలాయి. పళ్ళు బిగబట్టి "బాగానే ఉంది" అన్నాడు. భుజం రుద్దుకోలేదు, రుద్దుకోవాలనిపించినా.

అప్పుడు నేను బావగారిని పక్కకు పిలిచి, వేట నేర్పేవాళ్ళు వాడే చిట్కా ఒకటి చెప్పాను. మందులేని ఉత్తి తోటాను వాడికి తెలియకుండా పెట్టమన్నాను. పెట్టాడు. వాడు గురి చూశాడు, ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమని చప్పుడే తప్ప తుపాకి పేలలేదు. కాని గొట్టం మూతి నాలుగంగుళాలు కిందికి దిగింది. కళ్ళు మూతపడ్డాయి, భుజం ముందుకు ఉరికింది. పేలుడూ లేదు, తన్నూ లేదు. వాడి ఒళ్ళే ముందుగా భయపడింది. తుపాకి పేలినప్పుడు ఆ దింపు ఎవరికీ కనబడదు, తన్నులో కలిసిపోతుంది. జింకకు మాత్రం తెలుస్తుంది.

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. వాడి మొహం ఎర్రబడింది. "తాతా, నువ్వు కాల్చు చూద్దాం" అన్నాడు రోషంగా.

ముట్టుకుని యాభై ఏళ్ళు దాటింది. తీసుకున్నాను. లోపల ఉన్నది నిజం తోటానో ఉత్తిదో నాకు చెప్పలేదు. గురి చూశాను, నొక్కాను. టక్కు. గొట్టం వాడికంటే ఎక్కువే దిగింది. నా కళ్ళు మూసుకునే ఉన్నాయి.

వాడు కిలకిలా నవ్వి, నా మొహం చూసి ఆగిపోయాడు. అక్కడే ఎండుగడ్డి మోపు మీద కూర్చుని, మా మామ, తుమ్మచెట్టు, గట్టు మీద దుప్పి, వాగు దగ్గర తెగిపోయిన జాడ అన్నీ చెప్పాను. సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో. బావగారికి అర్థం కాని చోట వాడే తర్జుమా చేశాడు. అంతా విన్నాక బావగారు తుపాకి గొట్టం తుడుస్తూ, "నేను కూడా మొదటి ఏడు ఒకదాన్ని పోగొట్టుకున్నాను. గాలి మీద నెపం పెట్టాను" అన్నాడు. తర్వాత ఆ రైఫిలును ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. "పదహారేళ్ళకు తీద్దాం" అన్నాడు మనవడితో.

మర్నాడు అంగడికి వెళ్ళాం. అంగడివాడు పిల్లల తుపాకి అని చెప్పి బొమ్మలా తేలిగ్గా ఉన్నదొకటి చేతికిచ్చాడు. 2.5 కిలోలు. అమ్మాయి సంబరపడింది. నేను మళ్ళీ కాగితం తీశాను. తోటా అదే 243 అయినా తుపాకి తేలికైతే వెనక్కి వచ్చే వేగం పెరుగుతుంది. 12 జౌళ్ళు కాస్తా 16 అవుతాయి. పిల్లవాడికి తేలిక తుపాకి మంచిదనుకోవడం అందరూ చేసే పొరపాటు. మోయడానికి తేలిక, పేల్చడానికి బరువు. 20 బోరు చిన్నది కదా అన్నారు పక్కనున్నవారు. తేలికపాటి తుపాకిలో ఒంటి గుండు వేస్తే అదీ 20 దాటుతుంది. మూతికి బిగించే బ్రేకు తన్నును తగ్గిస్తుంది గాని చప్పుడు పెంచుతుంది. చప్పుడు కూడా భయపెట్టేదే. మరీ చిన్న తోటా అయితే తన్నదు నిజమే, కాని గురి కాస్త అటూ ఇటూ అయితే జింక ప్రాణం సాఫీగా పోదు. కాబట్టి భుజం ఓర్చుకునేది, జింకను ఒక్క దెబ్బకు పడగొట్టేది, రెండూ కలిసిన చోట ఆగాలి. 1980లో వచ్చిన 7 ఎంఎం-08, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ కూడా ఆ కోవలోవే, తన్ను కాస్త ఎక్కువ. ముప్ఫయ్యెనిమిది కిలోల పిల్లవాడికి 243 చాలుననుకున్నాం.

అన్నిటికన్నా ముఖ్యం కొలత. మడమ భుజానికి ఆని, మోచేయి వంగి, వేలు ట్రిగ్గర్‌కు హాయిగా అందాలి. పొడుగు మడమ అయితే తక్కువ తన్ను కూడా ఎక్కువగానే తగులుతుంది. అందుకని 3.4 కిలోలు తూగే తుపాకి తీసుకుని మడమను పొట్టి చేయించాం. వాడు ఎదిగే కొద్దీ ముక్కలు చేర్చి పొడుగు చేసుకోవచ్చు. మడమకు రబ్బరు మెత్త వేయించాం. దుర్భిణి కనుబొమకు తగలకుండా ముందుకు జరిపించాం.

ఆ వేసవంతా వాడు పెద్ద తుపాకి ముట్టుకోలేదు. దాదాపు తన్నే లేని 22 బోరు చిన్న తుపాకితో వందలకొద్దీ పేల్చాడు. శరత్తులో 243 పట్టాడు, పూటకు పదికి మించకుండా. మధ్య మధ్య ఉత్తి తోటా పెట్టేవారు. గొట్టం దిగడం మానేసింది. బావగారి షరతులు రెండు. వంద గజాలకు మించి పేల్చకూడదు. టిఫిను ప్లేటంత కాగితంలో వరసగా అయిదు పడేదాకా అడవి మాటెత్తకూడదు.

మా ఆవిడ ఇందులో తన పాలు తాను పంచుకుంది. ఒక రాత్రి ఫోనులో వాడికి దశరథుడి కథ చెప్పింది. చీకట్లో నీళ్ళు ముంచుకునే చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేసి, మునికుమారుణ్ణి చంపిన కథ. "చూడకుండా వేసినందుకు చివరకు ఆయనా పుత్రశోకంతోనే పోయాడు నాన్నా" అంది. వాడు వెంటనే, "అమ్మమ్మా, అది మాకు మూడో రూలు! గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలియకుండా పేల్చకూడదు" అన్నాడు. ఆమె నావైపు తిరిగి, "అయితే వాళ్ళకీ తెలుసన్నమాట" అంది.

నవంబరు వచ్చింది. మేమిద్దరం వెళ్ళాం. చీకటితోనే నారింజరంగు కోట్లు తొడుక్కుని తండ్రీ కొడుకులు చెట్టుకు కట్టిన మంచె ఎక్కారు. అవును, అది మంచే, మరో పేరు నాకు నోటికి రాదు. శనివారం ఒక జింక వచ్చిందట. పొదల చాటున, ఎదురుగా నిలబడింది. పక్కకు తిరిగితే ముంగాలి వెనక పక్కటెముకల మీద కొట్టవచ్చు. తిరగలేదు. వాడు పేల్చలేదు. వంటింట్లో బావగారు "మంచి పని చేశావు" అని ఒక్క మాట అన్నాడు.

ఆదివారం ఉదయం కాఫీ తాగుతుండగా దూరాన ఒక చప్పుడు వినబడింది. నేను గ్లాసు కింద పెట్టి రెండో చప్పుడు కోసం చెవి ఒగ్గాను. మొదటి దెబ్బ సరిగా పడకపోతే రెండోది ఉంటుంది. నిమిషం గడిచింది. రెండు, అయిదు. గోడ గడియారం తప్ప ఏమీ వినబడలేదు. నా చేయి ఎప్పుడు నా కుడి భుజం మీదికి పోయిందో నాకే తెలియదు.

ఫోను మోగింది. ఆడ జింక, డెబ్బయి గజాలు, ఒక్కటే గుండు. నలభై అడుగులు పరుగెత్తి పడిపోయింది. మా ఆవిడ నా చేతిలో నుంచి ఫోను తీసుకుంది. నేనేదో భయపడ్డాను. ఆమె అడిగింది ఒక్కటే: "బాధపడకుండా పోయిందా నాన్నా?"

"పోయింది అమ్మమ్మా" అన్నాడు. గొంతు వణుకుతోంది. వాడు సంబరపడడం లేదు, ఏడవడమూ లేదు. ఆ రెంటికీ నడుమ ఉన్నాడు. అలా ఉండడమే మంచిదనిపించింది.

విద్యార్థి మిత్రులారా, మీలో చాలామంది రేపు పిల్లలకు పాఠాలు చెబుతారు, పనులు నేర్పుతారు. మొదటిసారి వాళ్ళ చేతికి ఏదిచ్చినా వాళ్ళ భుజానికి తగినదివ్వండి. మనకు తగిన తన్ను వాళ్ళకూ తగలాలనుకోకండి. తన్నుకు భయపడ్డ పిల్లవాడు కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు మూసుకున్నవాడి చేతిలో గాయపడేది ఎప్పుడూ ఎదుటివాడే.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక వాడు బూట్లు విప్పుతూ, ఎవరూ వినకుండా నా దగ్గరికి వచ్చి చెప్పాడు:

"తాతా, నేను కళ్ళు మూసుకోలేదు."